గణపురంలో మిగిలిపోయిన పూట

దంతాలపల్లి బడిలో మధ్యాహ్న భోజనం వండే ఈదమ్మ గొంతు ఎరగనివాళ్లు ఆ ఊళ్లో లేరు. పప్పు గిన్నె దించేటప్పుడు ఆమె వేసే కేకకు పంతుళ్లు సైతం పక్కకు జరిగేవాళ్లు. భర్త పోయి చాలా ఏండ్లయింది. ఇద్దరు కొడుకులు. పెద్దవాడు రాజ్‌కుమార్ భార్యాబిడ్డలతో తల్లి దగ్గరే ఉండి, ఉన్న కాస్త పొలం చేసుకునేవాడు. చిన్నవాడు ప్రభుదాస్ జనగామలో ఒక ప్రైవేటు బడిలో ఆటల సారు. సిద్దిపేట రోడ్డు వైపు కొత్తగా వెలిసిన కాలనీలో ఇల్లు కట్టుకున్నాడు.

మొన్న ఏప్రిల్‌లో, యాసంగి వరికి ఆఖరి తడి పెట్టడానికి పోయిన రాజ్‌కుమార్ మోటారు డబ్బా దగ్గర కరెంటు కొట్టి పడిపోయాడు. ఈదమ్మ గిన్నెలు తోమిస్తుంటే కబురొచ్చింది. ఆమె చేరేసరికి అతన్ని ఒడ్డు మీద పడుకోబెట్టారు. ఒంటి మీద పెద్ద దెబ్బేం లేదు. కుడిచేతి వేళ్లు మాత్రం నల్లబడి ఉన్నాయి. ఈదమ్మ ఆ వేళ్లను కొంగుతో తుడిచింది. నలుపు పోలేదు. మళ్లీ తుడిచింది. ఎవరో ఆమె చేయి పట్టుకుని పక్కకు తీసుకుపోయారు.

ఆమె ఏడవలేదు. సమాధి దగ్గరా ఏడవలేదు. వచ్చిన ఆడవాళ్లు మెడ చుట్టూ చేతులు వేసి ఏడుస్తుంటే, వాళ్ల వీపు నిమిరి ఊరుకోబెట్టింది. "ఏడ్వకపోతె గుండె పగుల్తదమ్మా, జర ఏడిపియ్యుండ్రి" అని పెద్దవాళ్లన్నారు. పాస్టరు గారు ప్రార్థన చేశారు. ఈదమ్మ తల వంచి ఆమెన్ అంది. ప్రార్థనలో ఆయన ఏమన్నారో మాత్రం ఆమె చెవికెక్కలేదు.

నెల దాటాక కోడలు సంగీత ఆరేళ్ల కూతురు సింధూజను తీసుకుని గూడూరు దగ్గర తల్లిగారింటికి పోయింది. పోయేటప్పుడు "వస్త అత్తమ్మా" అంది. "పోయి రా" అంది ఈదమ్మ. ఆ మాటల్లో కోపం లేదు, నిష్ఠూరం లేదు. ఇంట్లో ఒక్కతే ఎట్లా ఉంటుందని ప్రభుదాస్ వచ్చి తల్లిని జనగామ తోలుకుపోయాడు. బడి వంట ఇంకొకామె చేతికి పోయింది.

జనగామలో ఈదమ్మకు ఏ లోటూ లేదు. ప్రభుదాస్ భార్య జ్యోత్స్న సర్కారు దవాఖానలో నర్సు. నెమ్మదస్తురాలు. డ్యూటీ నుంచి రాగానే అత్తకు చాయ పెట్టి ఇచ్చి పక్కన కూర్చునేది. చాయ మీద మీగడ కట్టేది. "తాగు అత్తమ్మా" అంటే తాగేది. అనకపోతే ఆ గ్లాసు అట్లాగే ఉండేది. టీవీ ముందు కూర్చునేది, అందులో ఏం వస్తున్నదో అడిగితే చెప్పలేకపోయేది. దుఃఖం వస్తే దాంతో ఏం చేయాలో ఆమెకు తెలుసు. మొగుడు పోయినప్పుడు మూడు నెలలు ఏడ్చింది. ఇప్పుడు దుఃఖం కూడా రావడం లేదు. కాలు తిమ్మిరెక్కినప్పుడు అది మన కాలు కాదేమో అనిపిస్తుందే, ఆమెకు ఒళ్లంతా, ఇల్లంతా, లోకమంతా అట్లా ఉంది.

"ఇంట్ల కూసోబెడితె ఇంతే. సెలవులొస్తున్నయ్ కదా, నాలుగు చోట్లకు తిప్పుదాం. గాలి మారితె మనిషి మారుతది" అంది జ్యోత్స్న.

ప్రభుదాస్‌కు ఈ ఆలోచన నచ్చింది. అసలే వరుసలు కట్టించి, విజిలేసి, పిల్లలను ఊరూరూ ఆటల పోటీలకు తిప్పే మనిషి. పైగా ఆ కాలనీలో శని, ఆదివారాలు వస్తే ఎవరూ ఇంటిపట్టున ఉండరు. వాయిదాల మీద కారు కొన్న ప్రతి ఇల్లూ డిక్కీలో చాపలు, బాగారన్నం గిన్నె, పిల్లల బంతి వేసుకుని పొద్దున్నే బయలుదేరుతుంది. ప్రభుదాస్ కూడా పాత కారు ఒకటి తీసుకున్నాడు. దసరా సెలవుల్లో మొదటి ప్రయాణం గూడూరు అవతల భీమునిపాదం జలపాతానికి పెట్టాడు. దారిలోనే కదా అని సంగీతకు ఫోన్ చేసి రమ్మన్నాడు. "ఇంకోసారి వస్త మరిదీ" అందామె.

జలపాతం దగ్గర జాతర లెక్క జనం. నీళ్ల కింద మొగవాళ్లు అరుస్తున్నారు, ఒడ్డున ఆడవాళ్లు తడిసిన పిల్లల తలలు తుడుస్తున్నారు. ప్రభుదాస్ కూతురు అమూల్య నానమ్మ చెయ్యి పట్టి లాక్కుపోయి ఆమె పాదాలు నీళ్లలో పెట్టించింది.

"చల్లగున్నయా నానమ్మా?"

"ఉన్నయ్ బిడ్డా."

ఆ మాట చెప్పడానికి ఈదమ్మ కిందికి వంగి చూసుకోవాల్సి వచ్చింది. పాదాలు నీళ్లలోనే ఉన్నాయి. అందుకని అట్లా చెప్పింది.

ఆ తర్వాత ఇంకో రెండు చోట్లకు పోయారు. తీసిన ప్రతి ఫొటోలో ఈదమ్మ ఉంది. చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని, ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చుని, చూడమన్న వైపు చూస్తూ. ఇంటికి వచ్చాక ప్రభుదాస్ ఆ ఫొటోలు చూసి ఫోన్ పక్కన పెట్టేసేవాడు.

క్రిస్మస్ గురువారం వచ్చింది. ఆ ఏడు ఇంటి మీద స్టార్ కట్టడానికి ప్రభుదాస్‌కు చేతులు రాలేదు. పిల్లలు చిన్నబోతారని మహబూబాబాద్ నుంచి వచ్చిన జ్యోత్స్న అన్న నిచ్చెనెక్కి కట్టాడు. అతను భార్యాపిల్లలతో, అత్తమామలతో తుఫాన్ బండిలో వచ్చాడు. అందరూ చర్చికి పోయి వచ్చారు. శనివారం పొద్దున కారూ, తుఫానూ రెండూ కలిసి గణపురం కోటగుళ్లు చూడటానికి బయలుదేరాయి.

పాత రాతి గుళ్లు చూసి, ఫొటోలు దిగి, మధ్యాహ్నానికి గణపురం చెరువు కట్ట దగ్గర చెట్ల కింద చాపలు పరిచారు. ఇంటి నుంచి తెచ్చిన అన్నం, కోడికూర తిన్నారు. అక్కడ ఏ చెట్టు కింద చూసినా ఇట్లాంటి కుటుంబమే. ఒకచోట పాటలు, ఒకచోట బ్యాడ్మింటన్, ఒకచోట పొయ్యి పొగ. తిన్నాక జ్యోత్స్న అన్న "పొద్దుగూకక ముందే రామప్ప గూడ చూసి పోదాం" అన్నాడు. పిల్లలు కేకలు వేస్తూ నచ్చిన బండిలోకి ఎగబడ్డారు.

ఆ హడావుడికి కొంచెం ముందే ఈదమ్మ ఒంటికి పోవడానికి కట్ట అవతలికి దిగింది. వచ్చేటప్పుడు ఒక రాయి మీద కూర్చుంది. ఎందుకు కూర్చుందో ఆమెకే తెలియదు. నీళ్ల మీద తెల్లకొంగలు వాలుతున్నాయి, లేస్తున్నాయి. ఆమె వాటి వైపు చూస్తున్నది. లేచి కట్ట దిగి వచ్చేసరికి చాపలు లేవు, బండ్లు లేవు. మడిచిన పేపరు ప్లేట్లు చెట్టు మొదట్లో కుప్పగా ఉన్నాయి.

సంగతి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. తుఫానులో ఎక్కిందని కారు వాళ్లు, కారులో ఉందని తుఫాను వాళ్లు. ఆమె సంచీ, అందులోని ఫోను, కారులోనే పోయాయి. ఈదమ్మ నిలబడి భయం కోసం ఎదురుచూసింది. తెలియని ఊరు, చేతిలో పైసా లేదు, ముసలితనం మీద పడుతున్న ఆడమనిషి. భయపడాలి కదా. భయం రాలేదు. సరే, వస్తార్లే అనుకుని చెట్టు కింద కూర్చుంది.

పక్క చెట్టు కింద ఒక ట్రాలీ ఆటో ఆగి ఉంది. అందులో వచ్చిన కుటుంబం ఆలస్యంగా చేరినట్టుంది, ఇంకా వంటే మొదలుకాలేదు. యాభై ఏండ్ల ఆడమనిషి ఒకామె ఉల్లిగడ్డలు కోస్తూ, కళ్లు తుడుచుకుంటూ, పొయ్యి ఊదుతున్న భర్త మీద కేకలు వేస్తున్నది.

"ఓ రాంజీ, పచ్చి కట్టెలు తెచ్చి పెడితివి. గిది ఎప్పుడు మండాలె, పిల్లలు ఎప్పుడు తినాలె?"

"మండుతదే రుక్కీ. జర ఓపిక పట్టు."

రుక్కి కళ్లు ఎత్తి, ఒంటరిగా కూర్చున్న ఈదమ్మను చూసింది. "ఏందక్కా, ఒక్కదానివే కూసున్నవ్? మీవోళ్లేరి?"

"బండ్లు ముందుకు పోయినయ్. మళ్ల వస్తరు."

"నిన్ను మర్చిపోయిండ్రా ఏంది?" రుక్కి కత్తి కింద పెట్టింది. "అయ్యో అక్కా! నంబరు చెప్పు, మా అఖిల ఫోన్ చేస్తది." నర్సింగు చదివే ఆమె కూతురు అఖిల అప్పటికే ఫోను చేతిలోకి తీసుకుంది.

ఈదమ్మకు నోటికి వచ్చిన నంబరు ఒక్కటే. రాజ్‌కుమార్‌ది. వంట ఆలస్యమైనప్పుడు, గ్యాసు అయిపోయినప్పుడు బడి నుంచి ఎవరి ఫోనుతోనో అతనికి చేసేది కనుక అది నాలుక మీద ఉంది. ప్రభుదాస్ నంబరు ఆమె ఎప్పుడూ పేరు చూసి నొక్కేదే.

"యాదికి లేదు బిడ్డా," అంది. "వస్తర్లే. ఎక్కడికి పోతరు."

వచ్చి రుక్కి పక్కన కూర్చుని ఇంకో కత్తి అందుకుంది. రుక్కి వద్దనలేదు. కొత్తిమీర ఒలుస్తూ, అల్లం దంచుతూ ఇద్దరూ మాట్లాడుకున్నారు. నిజానికి మాట్లాడింది రుక్కే. వాళ్లది గూడూరు దగ్గర తండా. కూతురు హాస్టలు నుంచి సెలవులకు వచ్చిందని, అందరం ఒక్కరోజన్నా బయటికి పోదామంటే మొగుడు చెవిన పెట్టలేదని, కొడుకు అలిగితే గాని బండి కదల్లేదని చెప్పింది. ఈదమ్మ ఊకొట్టింది. రుక్కి ఆమె వైపు జాలిగా చూడటం లేదు. ఆమెతో మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించడం లేదు. ఎనిమిది నెలలుగా ఈదమ్మతో ఎవరూ ఇట్లా మాట్లాడలేదు.

"నీకెంతమంది పిల్లలక్కా?"

కత్తి ఒక్కక్షణం ఆగింది. "ఇద్దరు కొడుకులు."

"ఏం చేస్తరు?"

"చిన్నోడు జనగామల బడిల ఆటల సారు. పెద్దోడు ఎవుసం చేస్తడు."

చేస్తడు. ఆ మాట అంత తేలిగ్గా ఎట్లా వచ్చిందో ఆమెకు తెలియదు. వచ్చాక దాన్ని వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

"వరేనా, పత్తి గూడనా?"

"వరి ఉంది. మిర్చి గూడ జరంత ఏసిండు. పురుగు తగిలిందని పరేషాన్ల ఉన్నడు."

"మాకు గూడ అంతే అక్కా. మందులు కొట్టి కొట్టి చేతులు పడిపోతున్నయ్."

"చెప్తె వినడు," అంది ఈదమ్మ. "యాళకు తినడు. సద్ది కట్టిస్తె అట్లనే తిరిగి తెస్తడు. చెప్పులేసుకో కొడకా, తడి కాలుతోని మోటరుకాడికి పోకురా అంటె, ఏం గాదే అవ్వా అంటడు."

"కొడుకులంతా గంతే. మనం చెప్తనే ఉండాలె, వాళ్లు నవ్వుతనే ఉండాలె."

"అవ్, నవ్వుతడు," అంది ఈదమ్మ.

ఆ పూట ఆమె కొడుకును బాగా తిట్టింది. మొండోడంది, దుబారా మనిషంది, పెండ్లాం మాట తప్ప తల్లి మాట వినడంది. రుక్కి తన కొడుకును తిట్టింది. పొయ్యి అంటుకుంది, కూర ఉడికింది. అప్పుడు ఈదమ్మకు సంతోషంగా ఉందని చెప్పలేం. లోపల తిమ్మిరి అట్లాగే ఉంది. కాకపోతే ఆ కాసేపు పొలంలో ఒక మనిషి తిరుగుతున్నాడు, సాయంత్రానికి కాళ్లు కడుక్కుని ఇంటికి వస్తాడు.

వాళ్లు తిన్నారు. ఈదమ్మకూ విస్తరి వేశారు. ఆకలి లేకున్నా కాదనలేదు. తిన్నాక గిన్నెలు కట్ట కిందికి తీసుకుపోయి బూడిదతో తోమసాగింది. సగం అయ్యేసరికి పైనుంచి "అవ్వా!" అని కేక వినిపించింది.

రామప్పలో బండ్లు ఆపి దిగినాక గాని తల్లి లేదన్న సంగతి తెలియలేదు. ప్రభుదాస్ ఆ దారంతా ఎట్లా నడిపాడో అతనికే గుర్తులేదు. కట్ట మీంచి పరుగున దిగుతుంటే ఒక చెప్పు ఊడిపోయింది. వెనక జ్యోత్స్న ఏడుస్తూ వస్తున్నది.

"ఫోన్ కార్ల ఎందుకు పెట్టినవే? ఎవరినన్న అడిగి ఫోన్ చెయ్యరాదా? మేము ఏమనుకోవాలె?" అతను అరిచాడు. రోజూ అంతమంది పిల్లలను లెక్కపెట్టి బస్సెక్కించే మనిషి. ఆ అరుపు తల్లి మీద కాదని అక్కడున్న అందరికీ తెలుసు.

"ఏం గాలే కొడకా. ఈడ మంచిగనే ఉన్న," అంది ఈదమ్మ, చేతులు కొంగుకు తుడుచుకుంటూ.

రుక్కి నవ్వుతూ దగ్గరికి వచ్చింది. "మీ అవ్వ మాతోని దావత్ చేసింది అన్నా. మస్తు పని చేసింది. మీరు చిన్నోళ్లా, పెద్దోళ్లా?"

"చిన్నోడిని," అన్నాడు ప్రభుదాస్, ఇంకా రొప్పుతూనే.

"పెద్దాయన రాలేదా మరి? ఇందాకటిసంది ఆయన ముచ్చటే చెప్తున్నది. మిర్చికి పురుగు తగిలిందట కదా?"

జ్యోత్స్న ఏడుపు ఆగిపోయింది. ప్రభుదాస్ తల్లి వైపు చూశాడు. ఈదమ్మ అతని వైపు చూడలేదు. కడిగిన గిన్నెను బోర్లించి, దాని మీది నీళ్లు కారిపోయేదాకా చూస్తున్నది.

"అన్నకు పనుందక్కా," అన్నాడు ప్రభుదాస్. "పొలంకాడ ఉన్నడు."

"మంచిగ చూసుకొమ్మను. మళ్లొకసారి అందరం కలుద్దాం," అని రుక్కి అతని నంబరు అడిగి కూతురితో ఫోన్‌లో ఎక్కించింది.

పిల్లలందరినీ తుఫానులోకి ఎక్కించి ముందు పంపించారు. కారులో ముగ్గురే. పరకాల దాటాక ప్రభుదాస్ కారు రోడ్డు పక్కన ఆపాడు. తల స్టీరింగుకు ఆనించి ఏడ్చాడు. అన్న పోయిన రోజు శవపెట్టె, సమాధి, భోజనాలు అన్నీ అతనే చూసుకున్నాడు. తల్లిని చూసుకున్నాడు. ఏడవడానికి అప్పుడు తీరలేదు. జ్యోత్స్న వెనక సీటులో కదలకుండా కూర్చుంది.

"ఎందుకట్ల చెప్పినవే అవ్వా?" అన్నాడు చాలాసేపటికి.

"ఏమో కొడకా. ఆమె అడిగింది. నోట్లెనుంచి వచ్చింది."

అతను ముక్కు తుడుచుకున్నాడు.

"నువ్వెందుకు చెప్పినవ్ మరి?" అందామె.

"నువ్వు ఉన్నడన్నంక నేనెట్ల లేడంట?"

ఈదమ్మ అతని వీపు మీద చెయ్యి వేసింది. తల్లి చేయాల్సిన పని అది, అందుకే చేసింది. వీపు కదులుతున్నది. తనకూ ఏడుపొస్తుందేమో అని చూసింది. రాలేదు. సీసా మూత తీసి అతనికి నీళ్లిచ్చింది. కాసేపటికి కారు కదిలింది.

ఇంట్లో ఆ సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. అయితే ప్రభుదాస్ తల్లిని ఫొటోల్లో నవ్వమనడం మానేశాడు. జ్యోత్స్న వంటింట్లో ఆమెకు పని చెప్పడం మొదలుపెట్టింది.

జనవరి సెలవుల్లో రుక్కి ఫోన్ చేసింది. ప్రభుదాస్ ఫోను తెచ్చి తల్లి చేతిలో పెట్టాడు.

"అక్కా, పాకాల పోతున్నం, మీరు గూడ రాండ్రి. పెద్దోన్ని తోల్కరా. మా రాంజీ మిర్చికి ఏదో కొత్త మందు కొట్టిండు, గా ముచ్చట చెప్తనంటున్నడు."

ఈదమ్మ ఫోను చెవికి ఆనించి నిలబడింది. కాదనే మాట ఏదైనా చెప్పొచ్చు. తీరదనొచ్చు. ఎన్నిసార్లు అంటుంది?

"వాడు లేడు రుక్కీ," అంది. "ఏప్రిల్‌ల పోయిండు. మోటరుకాడ కరెంటు కొట్టింది."

అవతల దూరంగా కోడి కూసింది.

"ఉన్నడంటివి కదక్కా."

"అవ్. అన్న."

ప్రభుదాస్ గుమ్మంలో నిలబడిపోయాడు. ఆ మాట తల్లి నోటి నుంచి వినడం అతనికి అదే మొదటిసారి.

"అయినా రా అక్కా," అంది రుక్కి. "నువ్వు రా."

ఫోను తిరిగి ఇస్తూ ఈదమ్మ, "సంగీతను గూడ అడుగు. వస్తదేమో," అంది.

సంగీత వచ్చింది. గూడూరు రోడ్డు మీద కూతురితో నిలబడి ఉంటే కారు ఎక్కించుకున్నారు. మనిషి చిక్కిపోయింది. అత్తాకోడళ్లు ఒకరినొకరు చూసుకున్నారు, పెద్దగా మాట్లాడుకోలేదు. సింధూజ మాత్రం నానమ్మ ఒళ్లో ఎక్కి కూర్చుని, ఊడబోతున్న పన్ను చూపించింది.

పాకాల చెరువు దగ్గర రుక్కి ఎదురొచ్చి ఏడుస్తుందేమో, తాను మళ్లీ ఒకరి వీపు నిమరాలేమో అని ఈదమ్మ అనుకుంది. రుక్కి ఏడవలేదు. ఎల్లిగడ్డల బుట్ట ఆమె ముందు పెట్టి, తనూ పక్కన కూర్చుంది.

"ఎట్ల జరిగిందక్కా?"

ఈదమ్మ చెప్పింది. బడిలో గిన్నెలు తోమిస్తుంటే కబురొచ్చిన దగ్గర మొదలుపెట్టి, ఒడ్డు మీద పడుకోబెట్టడం, నల్లబడ్డ వేళ్లు, ఎంత తుడిచినా నలుపు పోకపోవడం, అన్నీ వరుసగా చెప్పింది. వేరే ఎవరికో జరిగింది చెబుతున్నట్టు చెప్పింది. చేతులు ఎల్లిగడ్డలు ఒలుస్తూనే ఉన్నాయి. వెనక సంగీత నిలబడి వింటున్నదని మధ్యలో తెలిసింది, ఆపలేదు. ఆమెకు ఆ వేళ్ల సంగతి తెలియదు. సంగీత వచ్చి అత్త పక్కన కూలబడి, ఆమె భుజానికి తల ఆనించి ఏడ్చింది. ఈదమ్మ కళ్లు పొడిగానే ఉన్నాయి. భుజం మీది చీర మాత్రం తడిసింది, ఆ తడి ఒంటికి చల్లగా తగిలింది.

"ఇంటికి రా," అంది కోడలితో. "జూన్‌ల బడి తెరుస్తరు. నేను గూడ దంతాలపల్లి పోత. పిల్లను ఆడ్నే బడిల ఏద్దాం."

సంగీత తల ఊపింది. వస్తానని కాదు, విన్నానని.

ఇంతలో ప్రభుదాస్ పడవ టికెట్లు తెచ్చాడు. పిల్లలతో పెద్దవాళ్లు ఎవరైనా ఒకరు ఎక్కాలన్నారు. రుక్కికి నీళ్లంటే భయం. జ్యోత్స్న పొయ్యి దగ్గర ఉంది. ఈదమ్మ చేతులు కడుక్కుని లేచింది. పడవలో పిల్లలకు లైఫ్ జాకెట్లు తొడిగారు, ఆమెకూ ఒకటి తొడిగారు. ఇంజను చప్పుడుకు పిల్లలేమంటున్నారో వినపడలేదు. సింధూజ నీళ్లలోకి వంగి చెయ్యి పెట్టబోయింది. ఈదమ్మ ఆ పిల్ల జాకెట్టు వెనక నుంచి గట్టిగా పట్టుకుంది. పడవ ఒడ్డుకు వచ్చేదాకా వదల్లేదు.